ఫ్రేమ్ నంబర్ 48216

"పోయినది: ముదురాకుపచ్చ సైకిల్. ఫ్రేమ్ నంబర్ 48216. ఆచూకీ తెలిపినవారికి కృతజ్ఞతలు."

ఉదయం పేపరు మూడో పేజీలో, ట్యూషన్ల ప్రకటనల కింద, ఆ రెండు లైన్లు పడ్డాయి. ఆ సైకిల్ ఎవరిదీ కాదు. అసలు అలాంటి సైకిలే లేదు.

లాండ్రీ వెనక గదిలో పెద్దాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. ఆయన సీక్రెట్ సర్వీస్ చీఫ్ అని ఆ పరాయి నగరంలో కౌంటర్ దగ్గర కూర్చునే పిన్నికీ ఆయన ఏజెంట్లకీ తప్ప ఎవరికీ తెలియదు. ఇస్త్రీ మాత్రం నిజంగానే బాగా చేస్తాడు. బ్రీఫింగ్ ఎప్పుడూ ఇస్త్రీబల్ల దగ్గరే.

"ప్రకటన చూశావా పిచ్చుకా?"

"నిన్న రాసిచ్చింది నేనే కదా సార్."

"మరి ఫోరం చూశావా?"

ఏజెంట్ పిచ్చుక తలూపింది. పొద్దున లేవగానే చూసింది. సైకిల్ తొక్కేవాళ్ళంతా కబుర్లు చెప్పుకునే ఆ ఫోరం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో నోటీసు ఉంది. వచ్చే వారం జరగాల్సిన మార్పు ఈ రోజే జరుగుతోంది. పాత సాఫ్ట్‌వేర్ పోయి కొత్తది వస్తుంది. ఒక్క పోస్టు కూడా పోదు, ఎవరూ కంగారు పడవద్దు. కింద సంతకం: మోడరేటర్, మిణుగురు.

"ప్రకటన అచ్చయ్యాక తేదీ మార్చారు," అన్నాడు పెద్దాయన. "అంటే పేపరులో నంబరుకీ ఫోరానికీ సంబంధం ఉందని ఎవరికో తెలుసు. ఆ సంగతి తెలిసినవాళ్ళం లోకంలో ముగ్గురం. నేను, నువ్వు, మీ ఆయన."

"ఆయన చెప్పరు సార్."

"నేను అనలేదే."

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చొక్కా మడత పెట్టాడు.

ఆ పద్ధతి కనిపెట్టింది పిచ్చుకే. పెళ్ళయిన కొత్తలో, వంటింటి గట్టుమీద కూర్చుని, భర్తతో నవ్వుతూ చెప్పింది. కోడ్‌బుక్ జేబులో ఉంటే దొరికిపోతాం. లోకం కళ్ళముందే ఉంటే ఎవరూ చూడరు. ఆ ఫోరంలో వేలమంది తాము తిరిగిన దారుల గురించి రాస్తారు. ఏ మలుపు దగ్గర ఎటు తిరగాలి, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఏ రేవు దగ్గర పడవవాడు సైకిల్ కూడా ఎక్కించుకుంటాడు. ఆఫీసు అందులో ఒక పోస్టు ఎంచుకుంటుంది. దాని నంబరును పోయిన సైకిల్ ఫ్రేమ్ నంబరుగా పేపరులో వేస్తుంది. సరిహద్దు పట్నంలో మారుపేరుతో ఉన్న ఏజెంట్ ఆ పోస్టు తెరిచి, ఆ దారిన వెళ్ళిపోతాడు. రాసినవాడికి కూడా తను ఎవరికి దారి చూపించాడో తెలియదు.

ఆ ఏజెంట్ ఆమె భర్త. ఫోరంలో ఆయన పేరు ఎదురుగాలి. ఆయన్ని చూసి రెండేళ్ళయింది. ఉత్తరాలు కూడదు, ఫోన్లు కూడదు. అది రూలు.

"సాయంత్రం ఐదింటికి లైబ్రరీ కంప్యూటర్‌లో చూస్తాడు," అన్నాడు పెద్దాయన. "ఫోరం తెరుచుకోకపోతే గదికి తిరిగి వెళ్ళిపోవాలి. కానీ అతని కోసం శత్రువులు ఇల్లిల్లూ సోదా చేస్తున్నారు. రేపటికి అతని వీధికి వస్తారు. మొహం తెలియదు కాబట్టి ఇంతవరకూ బతికాడు. ఈ సాయంత్రం ఆ పోస్టు ఆ నంబరు దగ్గర ఉండాలి. పోకూడదు."

"మోడరేటర్ మన మనిషే కదా?"

"జీతం మనదే. మనసు ఎవరిదో తెలియదు."

కౌంటర్ దగ్గర పిన్ని ఒక బ్యాడ్జీ, మందపాటి కళ్ళజోడు, ఒక సైకిల్ పంపు ఇచ్చింది. బ్యాడ్జీ మీద ఏదో సర్వర్ కంపెనీ పేరు. అసలు టెక్నీషియన్‌కి పని వాయిదా పడిందని అప్పుడే ఫోన్ వెళ్ళింది.

"ఈ పంపు పిడిలో పాత ఫోరం బ్యాకప్ మొత్తం ఉందమ్మా. తిప్పితే ఊడుతుంది. ఇక గొట్టం ఎదుటివాళ్ళ మొహం వైపు పెట్టి రెండుసార్లు కొడితే గంటసేపు నిద్ర."

"మూడుసార్లు కొడితే?"

"మా ఆయన మీద ప్రయత్నిద్దామనుకున్నాను. వీలు పడలేదు. పని అయ్యాక ఫోన్ చేస్తే నేను కాలర్ మరక పోయిందా అంటాను. పోయింది అను."

పిచ్చుక నవ్వింది. చాలా రోజుల తర్వాత భర్త కోసం ఏదో చేయబోతున్నానన్న సంతోషం ఆ నవ్వులో ఉంది.

* * *

ఫోరం పుట్టింది ఒక సైకిల్ షాపు మేడ మీద. కింద షాపులో చక్రాలు వేలాడుతున్నాయి, గ్రీజు వాసన. పైన ఒక పొడుగాటి గది, బల్లమీద రెండు కంప్యూటర్లు, పక్కన స్పోక్‌లు వేసిన డబ్బా. షాపాయన ఎదురొచ్చి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"రా అమ్మా. నిన్నే చూస్తున్నాం. ఒక్క మాట. ఇందులో ఒక్కటి కూడా పోకూడదు. నా స్నేహితులంతా ఇందులో ఉన్నారు. కొందరు ఇప్పుడు ఇందులో మాత్రమే ఉన్నారు."

"పోవు బాబాయ్ గారూ," అంది పిచ్చుక. ఆమె గొంతు ఎప్పుడూ చిన్నదే. ఆయన వినడానికి ముందుకు వంగాడు.

"ఇంత నెమ్మదిగా మాట్లాడితే కంప్యూటర్ వింటుందా చెల్లీ?"

మెట్లమీద నుంచి వచ్చింది ఆ మాట. వెనకే సెంటు వాసన, ఎత్తు మడమల చప్పుడు. ఎర్రటి సిల్కు స్కార్ఫు, మెడ వంచితే మెరిసే లోలాకులు. ఆమె గదిలోకి రాగానే గ్రీజు వాసన సిగ్గుపడి కిందికి దిగిపోయినట్టయింది. ఆమె మిణుగురు. పిచ్చుక తన మందపాటి కళ్ళజోడు సర్దుకుంది. అది మారువేషమని ఆమెకి ఒక్క క్షణం గుర్తులేదు.

"వింటుంది అక్కా," అంది.

పని మొదలైంది. పాత డేటాబేస్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్‌కి పోస్టులు ఒక్కొక్కటిగా వెళ్తున్నాయి. తెరమీద పచ్చగీత మెల్లగా పొడుగవుతోంది. మిణుగురు అన్నీ తానే చూసుకుంటోంది. పిచ్చుకని కేబుళ్ళు పట్టుకోనిస్తోంది, అంతే.

"తొలగించిన పోస్టుల సంగతేమిటి అక్కా? అవి పాత డేటాబేస్‌లో దాగే ఉంటాయి కదా. మోడరేటర్లకి కనిపిస్తాయి."

"చెత్తబుట్ట కొత్తింటికి ఎవరైనా మోసుకెళ్తారా చెల్లీ?" అని నవ్వింది మిణుగురు.

షాపాయన కూడా నవ్వాడు. ఆ నవ్వులో మాట కలిసిపోయింది.

నాలుగున్నర దాటాక పచ్చగీత చివరికి చేరింది. పాత ఫోరంలో కనిపించే పోస్టుల లెక్క, కొత్త ఫోరంలో లెక్క, రెండూ పక్కపక్కనే వచ్చాయి. ఒక్క అంకె కూడా తేడా లేదు. షాపాయన కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు.

"టీ తెస్తాను," అని కిందికి దిగాడు. మిణుగురు కూడా సెల్‌ఫోన్ తీసింది. "మన వాళ్ళందరికీ శుభవార్త చెప్పాలిగా," అని ఆయన వెనకే వెళ్ళింది.

పిచ్చుక కొత్త ఫోరంలో 48216 తెరిచింది.

"రైలు పట్టాల మీది పాత వంతెన. సాయంత్రాలు నరమానవుడు ఉండడు. పంక్చరైతే దిక్కు లేదు."

తను ఎంచుకున్న పోస్టు ఇది కాదు. తను ఎంచుకున్నది కాలవగట్టు దారి. ఇటుకబట్టీ దగ్గర ఎడమకి తిరిగితే రేవు వస్తుంది, పడవవాడు మంచివాడు, సైకిల్ కూడా ఎక్కించుకుంటాడు.

వెతికింది. కాలవగట్టు పోస్టు పోలేదు. ఉంది. అరవైకి పైగా నంబర్ల వెనక్కి జరిగి ఉంది.

అప్పుడు అర్థమైంది. పోస్టు చెరిపేస్తే అందరికీ అనుమానం వస్తుంది. అందుకే ఎవరూ ఏదీ చెరపలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినవాటికి వచ్చిన వరసలో నంబర్లు వేసుకుంటూ పోతుంది. మధ్యలో కొన్ని తొలగించిన పోస్టులు రాకపోతే తర్వాతివాటి నంబర్లన్నీ ఆ మేరకు తగ్గిపోతాయి. చెత్తలో ఎన్ని వదిలేస్తే వంతెన పోస్టు సరిగ్గా ఆ నంబరు మీదికి వస్తుందో మిణుగురు లెక్కవేసుకుని, అన్నే వదిలేసింది. లెక్క సరిపోయింది. దారి మారిపోయింది. వంతెన దగ్గర ఈపాటికి మనుషులు కాపు వేసి ఉంటారు. మొహం తెలియక్కర్లేదు. ఐదున్నరకి అక్కడికి సైకిల్ మీద వచ్చే ఒంటరి మనిషి చాలు.

పిచ్చుక పంపు పిడి తిప్పి ఊడదీసి కంప్యూటర్‌కి గుచ్చింది. పాత బ్యాకప్‌లో చెత్తబుట్ట తెరిచి, రాకుండా మిగిలిన వాటన్నిటినీ పాత చోట్లలో దూర్చమని ఆజ్ఞ ఇచ్చింది. తొలగించినవి తొలగించినట్టే దాగి ఉంటాయి, కానీ తమ నంబరు తాము ఆక్రమించుకుంటాయి. అప్పుడు అన్నీ ఎక్కడివక్కడికి వస్తాయి.

కొత్త సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఇవి తొలగించిన పోస్టులు కాబట్టి ఒక్కొక్కటీ చూసి అనుమతించాలంది. తెరమీద మొదటిది వచ్చింది. కింద రెండు బటన్లు. ఉంచు. తీసెయ్.

రాసినవారు: ఎదురుగాలి.

"రాసి వెంటనే తొలగిస్తున్నాను. నువ్వు మోడరేటర్‌వి కాబట్టి చూడగలవు. నువ్వు నన్ను కూడా మోడరేటర్‌ని చేశావు కాబట్టి నీ జవాబు నేను చూడగలను. ఇంత పెద్ద ఫోరంలో మనిద్దరికీ ఒక గది దొరికింది."

పిచ్చుక చేయి మౌస్ మీద ఉండిపోయింది. తర్వాత నొక్కింది. ఉంచు.

రాసినవారు: మిణుగురు. "గదికి కిటికీ లేదు. నువ్వే వెలుతురు." ఉంచు.

రాసినవారు: ఎదురుగాలి. "ఈ రోజు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నీ కోసం దాచుకున్నాను." ఉంచు.

చదవకుండా నొక్కొచ్చు. ఆమె అదే అనుకుంది. కళ్ళు మాట వినలేదు.

"ఇంట్లో ఆవిడ మంచిదే. లెక్కలా మంచిది. ఎప్పుడూ తప్పు రాదు. తప్పు చేయాలనిపించినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియదు." ఉంచు.

ప్రతి ఉంచుకీ 48216 దగ్గర పోస్టు మారుతోంది. వంతెన ఒక్కో మెట్టూ దూరం జరుగుతోంది. రెండేళ్ళుగా ఆమె రాత్రిళ్ళు లేచి ఆయన ఫోటో చూసుకునేది కాదు, ఆఫీసు ఫోటోలు ఉంచుకోనివ్వదు కాబట్టి. ఆయన ఫోరంలో గేర్ల గురించి, బ్రేకుల గురించి రాసిన పోస్టులు చదువుకునేది. అవే ఆమెకి ఉత్తరాలు. అసలు ఉత్తరాలు ఇక్కడున్నాయి.

"నా దారి ఎలా తెలుస్తుందని అడిగావు. పేపరులో పోయిన సైకిల్ ఫ్రేమ్ నంబర్ చూస్తాను. అదే పోస్టు నంబరు. అదే నా దారి. ఇది తెలిసినవాళ్ళు ముగ్గురే. నీతో నలుగురు. ఆ దారిన నీ దగ్గరికి రావాలనుంది."

"ఆయన చెప్పరు సార్," అని పొద్దున తను అన్న మాట పిచ్చుకకి వినబడింది. ఉంచు.

ఐదు కావడానికి నాలుగు నిమిషాలుంది. ఒక్కటే మిగిలింది. 48216 దగ్గర ఇప్పుడు ఇటుకబట్టీ దాటాక కుక్కలున్నాయని ఎవరో రాసిన పోస్టు ఉంది. ఇంకొక్కటి ఉంచితే చాలు, కాలవగట్టు వచ్చేస్తుంది.

ఆ ఒక్కటి తెరమీదికి వచ్చింది.

"నువ్వు నా పక్కన ఉంటే ఒక పని చేస్తాను. నా సైకిల్ టైరులో గాలి నేనే తీసేస్తాను. పంక్చర్ అని చెప్తాను. అప్పుడు ఇద్దరం దిగి, దారంతా నడుచుకుంటూ వెళ్ళొచ్చు."

పిచ్చుక కళ్ళజోడు తీసేసింది.

పెళ్ళికి ముందు ఒకసారి ఇద్దరూ సైకిళ్ళ మీద ఊరు దాటి వెళ్ళారు. తిరుగుదారిలో ఆయన టైరు పంక్చరైంది. చీకటి పడేదాకా నడిచారు. పెళ్ళయ్యాక ఒక రోజు నవ్వుతూ చెప్పాడు, గాలి తానే తీశానని. ఈ లోకంలో తన కోసం ఒకరు ఆడిన ఒకే ఒక్క అబద్ధం అని ఆమె దాచుకుంది.

"మౌస్ వదిలెయ్ చెల్లీ."

మిణుగురు గుమ్మంలో నిలబడి ఉంది. స్కార్ఫు కింద చేతిలో చిన్న పిస్టల్. వెనక చేత్తో తలుపు గడియ వేసింది.

"టెక్నీషియన్లు విసుక్కుంటారు, తిట్టుకుంటారు. ఏడవరు. నువ్వు ఆయన భార్యవి కదూ?"

పిచ్చుక తలూపింది.

"ఆయన నీ గురించి రాసినంత నెమ్మదిగానే ఉన్నావు." మిణుగురు గొంతులో ఎగతాళి లేదు. "అయితే విను. నీకు మంచే చెప్తున్నాను. ఆ ఒక్కటీ తీసెయ్. ఐదింటికి ఆయన వేరే దారిన పోతాడు, కుక్కలతో తిప్పలు పడతాడు, మా వాళ్ళకి దొరుకుతాడు. నువ్వు దేశం కోసం పోయినవాడి భార్యగా గౌరవంగా బతుకుతావు. పోయినవాడు ఎప్పటికీ నీవాడే. ఉంచితే బతికొస్తాడు. నీ పక్కన కూర్చుని అన్నం తింటూ నన్నే తలుచుకుంటాడు. ఎంతకాలం చూడగలవు అది?"

గోడగడియారంలో ముల్లు కదిలింది.

పిచ్చుక ఎడమచేయి బల్లమీదున్న పంపు గొట్టం మీద పడింది. టెక్నీషియన్ బల్లమీద సైకిల్ పంపు ఎందుకుందని సైకిల్ షాపులో ఎవరూ అడగరు.

"నువ్వు రాసినవాటిలో ఒక్కటైనా నిజమా?" అని అడిగింది.

మిణుగురు చేతిలో పిస్టల్ అలాగే ఉంది, చూపు మాత్రం తెరమీదికి పోయింది. ఆ చివరి పోస్టు ఆమె కూడా చదువుతోంది. అంతకుముందు చాలాసార్లు చదివిన మనిషిలా చదువుతోంది.

"మొదట్లో ఒక్కటీ కాదు," అంది.

పిచ్చుక గొట్టం ఆమె మొహం వైపు తిప్పి, పిడి లేని కడ్డీని అరచేత్తో రెండుసార్లు కొట్టింది.

మిణుగురు పడబోతుంటే పట్టుకోవాల్సి వచ్చింది. తల బల్లకి తగలకుండా ఆమెని నేలమీద పడుకోబెట్టి పిస్టల్ తీసి స్పోక్‌ల డబ్బాలో వేసింది. సెంటు వాసన తన చేతులకి అంటుకుంది. లేచి నిలబడేసరికి గడియారం ఐదు కొట్టడం మొదలుపెట్టింది.

ఉంచు.

48216. "కాలవగట్టు దారి. ఇటుకబట్టీ దగ్గర ఎడమకి తిరగండి. రేవు దగ్గర పడవవాడు మంచివాడు, సైకిల్ కూడా ఎక్కించుకుంటాడు."

కింద చిన్న అక్షరాలు వెలిగాయి. ఈ పోస్టును ఇప్పుడు ఒకరు చదువుతున్నారు.

పిచ్చుక ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. అద్దం చల్లగా ఉంది. ఆ ఒకరు కాసేపు చదివారు. తర్వాత ఆ అక్షరాలు ఆరిపోయాయి.

తలుపు మీద షాపాయన మోచేత్తో తట్టాడు. ఆమె గడియ తీసింది. ఆయన రెండు చేతుల్లో టీ గ్లాసులు.

"అయ్యో, ఆవిడకేమైంది?"

"నిద్రపోయారు బాబాయ్ గారూ. పొద్దుటినుంచి పనే కదా. మా కంపెనీ వాళ్ళొచ్చి ఇంటి దగ్గర దింపుతారు." ఆ కంపెనీ వాళ్ళు ఆఫీసు మనుషులు. వాళ్ళకి మెసేజ్ అప్పటికే వెళ్ళింది.

ఆయన తన గ్లాసు బల్లమీద పెట్టి, తెర ముందు కూర్చుని, ఏదో పాత పోస్టు వెతుక్కున్నాడు. దొరికింది. చనిపోయిన స్నేహితుడు చైను గురించి రాసిన నాలుగు లైన్లు. పెదవులు కదుపుతూ చదువుకున్నాడు.

"ఒక్కటి కూడా పోలేదా అమ్మా?"

"పోలేదు బాబాయ్ గారూ. అన్నీ ఉన్నాయి."

"మరి ఏడుస్తావేం?"

"టీ వేడిగా ఉంది," అంది ఆమె. గ్లాసు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

కిందికి దిగాక పిన్నికి ఫోన్ చేసింది.

"కాలర్ మరక పోయిందా అమ్మా?"

"పోయింది పిన్నీ," అంది పిచ్చుక.

* * *

మర్నాడు లాండ్రీ వెనక గదిలో ఆవిరి నిండి ఉంది. పెద్దాయన చాలా రోజుల తర్వాత ఈల వేస్తున్నాడు.

"రేవు దాటాడు. సైకిల్‌తో సహా. వంతెన దగ్గర వాళ్ళు చీకటి పడేదాకా కూర్చుని దోమల చేత కుట్టించుకున్నారట. ఇక మిణుగురు మన గెస్ట్‌హౌస్‌లో ఉంది. ఒక్క మాట కూడా మాట్లాడటం లేదు." కాలర్ మీద నీళ్ళు చిలకరించాడు. "మీ ఆయన ఒడ్డు ఎక్కగానే మొదట ఏం అడిగాడో తెలుసా?"

పిచ్చుక తలెత్తింది.

"ఫోరం క్షేమంగా మారిందా అని. చూడు ఎంత నిబద్ధత."

"అవును సార్."

"ఒక్కటే అర్థం కాలేదు. ముగ్గురికి తెలిసిన సంగతి నాలుగోవాళ్ళకి ఎలా చేరింది?"

ఆమె సంచిలోంచి పంపు పిడి తీసి ఇస్త్రీబల్ల మీద పెట్టింది.

"చెత్తబుట్టలో ఉంది సార్. మీరే చదువుకోండి. నాకు గట్టిగా చదవడం రాదు."

పెద్దాయన ఆమె మొహం వైపు చూశాడు. ఇస్త్రీపెట్టె ఎత్తడం మరిచిపోయాడు. చొక్కా కాలిన వాసన వచ్చాక గానీ చూసుకోలేదు.

"సెలవు తీసుకుంటావా తల్లీ?" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెని ఆ పిలుపు పిలవడం అదే మొదలు.

"వద్దు సార్. రిపోర్టు రాయాలి."

ఆమె కౌంటర్ దగ్గర, పిన్ని పక్కన కూర్చుని రాసింది. ఎప్పుడూ రాసేలాగే రాసింది, ఒక్క కొట్టివేత లేకుండా. చివర ఎప్పటి ప్రశ్నే ఉంది: ఈ మిషన్‌లో పోయినవి ఏవైనా ఉంటే తెలపండి.

పిచ్చుక దాని కింద రాసింది.

"ఏవీ లేవు. తీసెయ్యాల్సినవి కూడా భద్రంగా ఉన్నాయి."